కరాళుడి తల్లి వీణ

ఏడు సముద్రాలకు ఈవల గంధవరమని ఒక పట్నం ఉండేదర్రా. దాన్ని చిత్రరథుడనే రాజు ఏలేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి వేటంటే ఇష్టం. నడిమివాడికి గుర్రాలంటే ఇష్టం. చిన్నవాడు మకరందుడికి వీణంటే ప్రాణం.

ఆస్థానంలో వీణలు చేసే వడ్రంగికి పైడమ్మ అని ఒక కూతురు. పనస మొద్దు తొలిచి కొత్త వీణ చెయ్యడంలోనూ, పాడైపోయిన పాత వీణను మళ్ళీ పలికించడంలోనూ తండ్రిని మించిపోయింది. మకరందుడు తీగ తెగిందనో, మెట్టు కదిలిందనో ఏదో వంక పెట్టుకుని రోజూ ఆమె పనిచేసే కొట్టానికి వచ్చేవాడు. రంపపు పొట్టులో కూర్చుని పొద్దు వాలేదాకా వాయించేవాడు. మనసులో మాట ఇద్దరూ ఎన్నడూ పైకి చెప్పుకోలేదు.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి మకరందుణ్ణి ఏడు సముద్రాల ఆవలికి ఎత్తుకుపోయాడు. పెద్దన్న వెతకబోయి మూడో సముద్రం దగ్గర వెనక్కి తిరిగాడు. నడిమన్న అయిదో సముద్రం దగ్గర వెనక్కి తిరిగాడు. మూడేళ్ళు గడిచాయి. పైడమ్మ ఏ వీణ శ్రుతి చేస్తున్నా కళ్ళు గుమ్మం వైపే పోయేవి. చివరికి ఉలి సంచి భుజాన వేసుకుని రాజు ముందు నిలబడింది.

"నేను వెళ్ళి తీసుకొస్తాను ప్రభూ."

"నా కొడుకుల వల్లే కాలేదు. నువ్వెలా పోతావు తల్లీ?"

"ఇక్కడ ఉండటం అంతకన్నా కష్టంగా ఉంది ప్రభూ."

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు, డిప్ప పగిలి మూలుగుతోంది. పైడమ్మ లక్క కరిగించి పగులు పూడ్చింది. తాబేలు ఆమెను వీపు మీద కూర్చోబెట్టుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. ఆవలి దీవిలో ఒక వడ్రంగిపిట్ట ముక్కు చెట్టులో ఇరుక్కుపోయి కొట్టుకుంటోంది. పైడమ్మ ఉలితో చెక్క చీల్చి విడిపించింది. పిట్ట ఆమె భుజమెక్కి కూర్చుంది.

మాంత్రికుడి కోటలో మకరందుడు రాయిలా కూర్చుని ఉన్నాడు. పైడమ్మ చెయ్యి తాకి చూసింది. చల్లగా ఉంది.

"మా అమ్మ వీణ పలికించలేకపోయాడు, అందుకే రాయిని చేశాను," అన్నాడు కరాళుడు. "నా దగ్గర మూడు పాత వీణలున్నాయి. మూడూ పలికిస్తే ఇతణ్ణి తీసుకుపో. లేదా పక్కన నువ్వూ రాయివై కూర్చో."

మొదటి వీణకి మెట్లుండే పొడవాటి దండి వంగిపోయింది. పైడమ్మ ఆవిరి పట్టి, బరువు కట్టి, ఏడు రోజుల్లో సరిచేసింది. అది పలికింది. రెండో వీణకి మెట్ల కింది మైనం ఎండి రాలిపోయింది. కొత్త మైనంలో మసి కలిపి, చెవితో వింటూ ఇరవై నాలుగు మెట్లూ నిలబెట్టింది. అదీ పలికింది. మూడోది కరాళుడి తల్లి వీణ. "దీని కుండ మీది మూత మాత్రం విప్పకు," అన్నాడతను.

కొత్త తీగలు వేసింది. మొద్దుగా మోగింది. తీగల్ని మోసే గుర్రపు చెక్క మార్చింది. మొద్దుగానే మోగింది. వడ్రంగిపిట్ట వీణ కుండ మీద టకటకా కొట్టి చెవి ఆనించింది.

"అక్కా, లోపల చిలక నిద్రపోతోంది! వాడి ప్రాణం అదే. మూత విప్పి మెడ నులిమెయ్యి!"

పైడమ్మ ఉలి ఎత్తింది. అంతలో కరాళుడు వచ్చి దూరంగా కూర్చున్నాడు. "పలికిందా?" అన్నాడు, పసివాడిలా. రోజూ ఇలాగే అడుగుతున్నాడు.

ఆమె చెయ్యి ఆగింది. "ఆఖరుసారి ఎప్పుడు విన్నావు?"

"మా అమ్మ పోకముందు. ఆవిడ పోయాక ఇంతకన్నా భద్రమైన చోటు తోచక ప్రాణాన్ని ఇందులో దాచాను. ఆనాటి నుంచి ఇది మూగబోయింది. మూడొందల ఏళ్ళయింది."

ఎదురుచూడటమంటే ఏమిటో పైడమ్మకి తెలుసు. ఉలి కింద పెట్టింది.

"లోపల చిలకున్నంతకాలం ఇది పలకదు. దొంగతనంగా విప్పను. నువ్వే చెప్పు."

కరాళుడు కోపంతో లేచి వెళ్ళిపోయాడు. మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

"విప్పు," అన్నాడు.

మూత తీయగానే చిలక కళ్ళు నులుముకుంది. "ఆకాశం ఎటు?" అని అడిగింది. పైడమ్మ కిటికీ చూపించింది. చిలక తుర్రుమంది. ఆమె మూత బిగించి, తీగలు సవరించి, "మీ అమ్మ ఏం వాయించేదయ్యా?" అంది. కరాళుడు కూనిరాగం తీశాడు. ఆమె అదే వాయించింది. ఆ నాదంతో గదంతా నిండిపోయింది.

"ఇదే," అన్నాడు కరాళుడు, నేల మీద తల వాల్చి. "ఇదే." అక్కడ చిలక ఒక్కో సముద్రం దాటుతుంటే ఇక్కడ అతని ఊపిరి తగ్గుతూ వచ్చింది. ఏడో సముద్రం దాటేసరికి ఆగిపోయింది. పైడమ్మ పాట పూర్తయ్యేదాకా ఆపలేదు.

"మూడో తీగ కొంచెం తగ్గింది, పైడీ."

వెనక్కి తిరిగింది. మకరందుడు వేళ్ళు విరుచుకుంటున్నాడు. తీగ సవరించడానికి చెయ్యి చాపింది. అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"రాయినై ఉన్నా నీ ఉలి చప్పుడు వినిపించింది," అన్నాడు. "మన కొట్టంలోనే ఉన్నాననుకున్నాను."

తాబేలు ఇద్దరినీ గంధవరం చేర్చింది. అయిదు రోజులు పెళ్ళి జరిగింది. అన్నలిద్దరూ రాజ్యం తమ్ముడికే ఇవ్వమన్నారు. మకరందుడూ పైడమ్మా అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. దేశదేశాల నుంచి జనం మూగబోయిన వీణలు గుడ్డల్లో చుట్టుకుని వచ్చి కోట వాకిట్లో నిలబడితే, రాణి కొలువు మధ్యలోనే లేచి, చీర కొంగు నడుముకు చుట్టుకుని, వాళ్ళకి ఎదురు వెళ్ళేదట.