భైరిగాడి పోస్టాఫీసు

కొండ కింద మేకల దొడ్డిలో మూడు వారాలుగా ఒక పోస్టాఫీసు నడుస్తోంది. కాపరి ఇంటికి సైకిలు మీద ఉత్తరాలు తెచ్చే మనిషిని చూసి దొడ్డిలో మేకపిల్లలూ కోడిపిల్లలూ పెట్టుకున్న ఆట అది. మూతి పగిలిన కుండ పోస్టు డబ్బా. మోదుగాకులు ఉత్తరాలు. మేకలకూ కోళ్లకూ అక్షరాలు రావు కదా, అందుకని రాయటమంటే ఆకుకు చెంప రుద్దటం, చదవటమంటే వాసన చూడటం. పోస్టుమాస్టరు ముసలి కుక్క భైరిగాడు. కాలు బురదలో ముంచి ప్రతి ఆకు మీదా ముద్ర కొట్టటం వాడి పని. పదేళ్లుగా మొరగటం తప్ప వేరే ఉద్యోగం ఎరగడేమో, ఈ అధికారం వచ్చాక వాడి తోక కిందికి దిగితే ఒట్టు.

"వరసలో రండర్రా! తోసుకున్నారంటే ఆఫీసు మూసేస్తా!" అని కోడిపిల్లల మీద కేకలేసేవాడు.

ఒక బుధవారం కాపరి నల్లమేకను ఆటో ఎక్కించి సంతకు తీసుకుపోయాడు. నెల కూడా నిండని దాని కూతురు చుక్కి దొడ్డిలో మిగిలిపోయింది. రోజంతా అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. మర్నాడు పొద్దున్నే ఒక మోదుగాకు నోట కరుచుకుని పోస్టాఫీసుకు వచ్చింది.

"తాతా, ఇది మా అమ్మకి."

భైరిగాడి కాలు గాల్లోనే ఆగింది. సంతకు పోయిన మేక తిరిగి రావటం వాడు ఇంతవరకూ చూడలేదు. ఆ మాట చెబుదామని నోరు తెరిచాడు. చుక్కి కళ్ల కింద తడి చూశాడు. నోరు మూసుకుని ముద్ర కొట్టాడు.

"జవాబు ఎప్పుడొచ్చిద్ది తాతా?"

"వచ్చిద్దిలేవే. దూరపు ఉత్తరాలు మోసేది కాకి. అది పట్టుకుపోవాలా, పట్టుకురావాలా?"

సాయంత్రం దాకా చుక్కి కుండ దగ్గర్నుంచి కదల్లేదు. భైరిగాడు చూడలేకపోయాడు. గుంజకు నల్లమేక మెడతాడు ఇంకా వేలాడుతోంది. ఎవరూ చూడకుండా ఒక ఆకును ఆ తాడుకేసి గట్టిగా రుద్ది తెచ్చి చుక్కి ముందు పెట్టాడు. చుక్కి వాసన చూసింది. మరుక్షణం నాలుగు కాళ్లూ ఎగరేసి గెంతింది.

"అమ్మే! అమ్మే రాసింది!"

"కాకితో నోటిమాట కూడా పంపిందే. ఏడవొద్దంది. తొందర్లోనే వస్తానంది."

ఆ రాత్రి చుక్కి ఏడవలేదు. భైరిగాడికి తన మీద తనకే ముద్దొచ్చింది.

ఆ దొడ్డిలోనే బోడమ్మ అని కొమ్ముల్లేని మేక ఉంది. దాని పిల్ల పుట్టిన వారానికే పోయింది. పొదుగు పాలతో బరువెక్కి సలుపుతుంటే చుక్కిని పిలిచింది.

"ఇట్టా రామ్మా. నాకు పిల్ల లేదు, నీకు అమ్మ లేదు. తాగు తల్లీ."

"అమ్మ లేకపోవటమేంది పిన్నీ? వస్తానని రాసిందిగా! నేను నీ పాలు తాగానని తెలిస్తే మా అమ్మ నొచ్చుకోదూ?"

కాపరి మెడ పట్టుకుని పొదుగు కింద పెట్టినా చుక్కి పళ్లు బిగించింది. వాడు విసుక్కుని కాస్త గంజి తాగించి వదిలేశాడు. ఇదంతా చూస్తున్న తురాయి కోడి నేరుగా భైరిగాడి దగ్గరికి వచ్చింది.

"ఇదేం ఆటయ్యా భైరన్నా? పసిదానికి నిజం చెప్పు. రెండ్రోజులు ఏడుస్తది, మూడో రోజు బోడమ్మ దగ్గరికి పోతది."

"దానికి అమ్మ రాదని నా నోటితో ఎట్టా చెప్పమంటావే? రేపు చెబుతాలే."

ఆ రేపు వచ్చింది, పోయింది. రోజుకో ఉత్తరం, రోజుకో నోటిమాట. అమ్మకు అక్కడ మంచి మేత దొరికిందంట. అమ్మ దారిలో ఉందంట. చుక్కి డొక్కలు లోపలికి పోతున్నాయి, అయినా ఆకు వాసన చూసి నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా భైరిగాడికి నిజం ఇంకాస్త బరువయ్యేది.

పన్నెండో రోజు చుక్కి లేవబోయి ముందుకాళ్ల మీద కూలబడింది. అప్పుడు గానీ భైరిగాడు నిజం చెప్పలేదు.

"చుక్కీ, మీ అమ్మ రాదే. సంతకు పోయినోళ్లు రారు. ఆ ఉత్తరాలన్నీ నేనే చేశా."

చుక్కి తల ఎత్తి వాడి మొహం చూసింది.

"ఏడవొద్దని చెప్పింది కూడా నువ్వేనా తాతా?"

భైరిగాడు తల ఊపాడు. చుక్కి తడబడుకుంటూ బోడమ్మ దగ్గరికి నడిచి పొదుగుకు మూతి ఆనించింది. లాగింది. మళ్లీ లాగింది. తాగే నోరు లేక ఆ పొదుగు ఎండిపోయి నాలుగు రోజులైంది.

"అయిదు రోజుల కిందట వచ్చినా నాలుగు చుక్కలు ఉండేవేమో తల్లీ" అని బోడమ్మ గొల్లుమంది. పాలు లేకపోయినా పిల్లను దూరంగా నెట్టలేదు. దాని పక్కనే పడుకుని ఒళ్లంతా నాకుతూ ఉండిపోయింది.

ఆ తర్వాత మూడో రోజు పొద్దున చుక్కి ఇక లేవలేదు.

కాపరి దాన్ని గోనెసంచిలో చుట్టి కొండవైపు తీసుకుపోయాడు. తురాయి కోడికి భైరిగాడిని నాలుగు మాటలు అనాలనే ఉంది. దగ్గరికి వచ్చి వాడి మొహం చూశాక పక్కనే కూర్చుండిపోయింది. భైరిగాడే అన్నాడు.

"నేను దాన్ని ఏడవనీలేదు తురాయీ. ఏడ్చుంటే బతికేది."

పసివాళ్లకు చెప్పక తప్పని కబురు ఎంత చేదైనా, వేళకు చెప్పటమే దయ.