మాణిక్యమ్మకు వచ్చిన కార్డు

సోమన్నపంతులుగారు మధ్యాహ్నాలు నేతపేట ఆడవాళ్ళకు ఓనమాలు దిద్దించడం శిష్యుడు నరహరికి మింగుడుపడలేదు. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"పురాణం మనమే చదివి అర్థం చెబుతున్నాం. ఉత్తరాలొస్తే చదివిపెడుతున్నాం. ఇక వాళ్ళకి అక్షరాలెందుకు గురువుగారూ?"

పంతులుగారు వాదానికి దిగలేదు. మాణిక్యమ్మ సంగతి చెప్పారు.

మాణిక్యమ్మ నేతగాళ్ళకు నూలు కండెలు చుట్టిపెట్టి బతికే మనిషి. భర్త లేడు. ఒక్కతే కూతురు, గోదావరి అవతల కాపురం. ఆ పిల్ల అత్తవారింట ఆడపడుచు దగ్గర నాలుగు అక్షరాలు నేర్చుకుని, ఒక శ్రావణంలో తన చేత్తో మొదటి కార్డు రాసింది. మాణిక్యమ్మ దాన్ని తడవకుండా కొంగులో చుట్టుకుని, సంబరపడుతూ పంతులుగారి అరుగు మీదికి వచ్చింది.

వంకరటింకర అక్షరాలు. "అమ్మా, నాకు ఏడో నెల. కాళ్ళూ మొహమూ వాచిపోయాయి. చూపు మసకేస్తోంది. భయంగా ఉంది. వెంటనే వచ్చి తీసుకుపో."

గోదావరి అప్పుడు పోటు మీద ఉంది. ఒంటరి ఆడది ఈ వానలో పడవెక్కి ఏమైపోతుందోనని పంతులుగారి మనసు పీకింది.

"కులాసాగా ఉందట. వరద తీశాక రమ్మంటోంది" అని చదివారు.

"ఇంకేం రాయలేదాండీ? చాలా అక్షరాలున్నాయే!"

"అంతేనమ్మా."

పది రోజులకే చావు కబురు వచ్చింది. ఆ పది రోజులూ పడవలు నడుస్తూనే ఉన్నాయి.

ఏడేళ్ళు గడిచాక మాణిక్యమ్మ మళ్ళీ ఆ అరుగు దగ్గరికి వచ్చి, "నా బిడ్డ చేతిరాత నేనే చదువుకోవాలి, నేర్పండి" అంది. కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. ఉన్నమాట చెప్పడానికీ రాలేదు. ప్రతి గుణింతమూ ఆమెను ఆ కార్డు దగ్గరికి చేరుస్తోందని తెలిసే, ఆరునెలలు పలక మీద దిద్దించారు.

చివరికి ఆమె ఆయన ఎదుటే కూర్చుని, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. 'భయంగా' అన్నచోట ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. తిట్టలేదు, ఏడవలేదు.

"ఈదుకుంటూ అయినా పోయేదాన్నండీ" అని మాత్రం అని, లేచి వెళ్ళిపోయింది.

నరహరి, "మీరు ఆమె మేలు కోరే కదండీ..." అన్నాడు.

"అవును నాయనా," అన్నారు పంతులుగారు. "మేలు కోరే చదివాను."