రాజావారి మీసం తేల్చిన తగువు

మల్లెకోన సంస్థానాన్ని ఏలే విజయగోపాల భూపతిగారికి ఫొటోల యంత్రం మీద మనసు పడింది. అరచేతిలో ఇమిడే ఫొటోను తలుపంత పెద్దది చేసి అచ్చువేసే యంత్రమట. చెన్నపట్నం నుంచి రైల్లోనూ, ఆపైన ఎడ్లబండి మీదా వచ్చింది. దాన్ని దించడానికి నౌకర్లు చాలక, ఏనుగుల సాల నుంచి మావటీలను కూడా పిలిపించారు.

రాజావారి ముచ్చటకు కారణముంది. రాజమాతకు చూపు మందగించింది. కాలం చేసిన పెద్దరాజావారి ఫొటో ఒకే ఒక్కటి ఉంది, చిన్నది. అందులో ఆయన ముఖం ఆవిడకు ఆనడం లేదు. పెద్దగా ఉంటే పోల్చుకోగలనేమో అని ఆవిడ ఒకసారి అన్నది. ఆ మాట కొడుకు మనసులో పడిపోయింది. అంత పెద్ద కాగితం మాత్రం సీమ నుంచి ఓడలో ఒక్కటే వచ్చింది. అది పాడైతే, ఇంకొకటి వచ్చేదాకా ఆవిడ చూపు నిలుస్తుందని చెప్పలేనన్నాడు వైద్యుడు.

యంత్రం నిలబెట్టడానికి బల్ల కావాలి. మంచి బల్ల చేయించినవారికి తన భుజం మీది జరీ శాలువా ఇస్తాననీ, బల్ల వల్ల కాగితం పాడైతే చేయించినవారికి ఇక కొలువులో చోటుండదనీ రాజావారు ప్రకటించారు.

ఇద్దరు ముందుకొచ్చారు. ఒకరు రాజనగరు అలంకారాలు చూసే నాగభూషణరావు. భారీ మనిషి. కోటలో ఏ తలుపు మీద చూసినా ఆయన వేసిన రాజావారి మీసమే కనిపిస్తుంది. ఆ మీసాల పుణ్యమే ఆయన ఉద్యోగం. రెండోవారు రాజమాతకు కావ్యాలు చదివి వినిపించే విదుషి మంగతాయారమ్మ. ఆవిడ నోట్లో మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందని కొలువులో అందరికీ తెలుసు.

చెప్పిన రోజుకు రెండు బల్లలూ వచ్చాయి. నాగభూషణరావు బల్ల చూసి సభ ముక్కున వేలేసుకుంది. నల్లటి నూకమాను కర్ర, అంచుల్లో దంతపు పని, లేడి కాళ్ళలాంటి సన్నని కాళ్ళు, వాటికి బంగారు పూత. మంగతాయారమ్మ బల్లకు లావుపాటి మద్దికర్ర కాళ్ళు. కింద ఎడంగా పరుచుకుని ఉన్నాయి. కాలికీ కాలికీ మధ్య ఏటవాలుగా అడ్డపట్టీలు బిగించారు. నగిషీ లేదు, రంగు లేదు.

పశువుల పాకలోంచి తెచ్చారా అని నాగభూషణరావు అడిగాడు. సభలో కొందరు నవ్వారు. రాజావారికీ లేడి కాళ్ళ బల్లే నచ్చింది. బరువు ఆగుతుందా అని మాత్రం అడిగారు. నాగభూషణరావు నలుగురు మావటీలను దాని మీద కూర్చోబెట్టి చూపించాడు. బల్ల కిర్రుమనలేదు. ఇంకేముంది, యంత్రాన్ని దాని మీదికి ఎత్తండని రాజావారు చెయ్యి ఊపబోయారు.

మంగతాయారమ్మ లేచి నిలబడింది. తన బల్లను వెనకేసుకు రాలేదు. నాగభూషణరావుగారి బల్లను మెచ్చుకుంది. మావటీలు కదలకుండా కూర్చున్నారు కానీ యంత్రం అలా కూర్చోదని మాత్రం చెప్పింది. దాని లోపల బరువైన దిమ్మ ఒకటి కాగితం మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఊపుగా పరుగెడుతుందని, యంత్రంతో వచ్చిన చెన్నపట్నం మేస్త్రీని అడిగి తెలుసుకున్నానంది. కాగితం వృథా చేయకుండా ఆ సంగతి తేల్చుకోవచ్చని చెప్పి, నాగభూషణరావు వైపు తిరిగి చేతులు జోడించింది.

"ప్రభువుల మీసం మీలా వేసేవారు లేరు. మీ బల్ల మీద మీరే కూర్చుని, ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక్క ఊపున వేసి చూపించండి."

పొగడ్తకు ఆయన ఉబ్బిపోయాడు. పెద్ద పలకకు కాగితం బిగించుకుని బల్లెక్కాడు. ఎడమకు వంగి కుంచె ఆనించి, కుడికి ఒరుగుతూ లాగాడు. లేడి కాళ్ళు ఆయనతోపాటు ఒరిగాయి. ఆయన సర్దుకునేసరికి అవి అటునుంచి ఇటు వచ్చాయి. బల్ల విరగలేదు. ఊగింది, అంతే. కాగితం మీద మీసం మాత్రం వానపాములా మెలికలు తిరిగి, కొసలో రెండుగా చీలింది.

రాజావారి చెయ్యి తెలియకుండానే తన మీసం మీదికి వెళ్ళింది.

బల్లెక్కి కూర్చుంటే ఎవరికైనా గీత ఇలాగే వస్తుందన్నాడు నాగభూషణరావు. అది న్యాయమైన మాటేనని మంగతాయారమ్మ ఒప్పుకుంది. అయితే తన బల్ల మీదా ఒకసారి కూర్చుని వేయమంది. ఆయన మీసాల చాటున నవ్వుకుంటూ ఎక్కాడు. ఈసారి గీత ఎందుకు మెలికలు తిరగదో చూస్తానన్నట్టు కుంచె పట్టుకున్నాడు. ఆ నవ్వు ఆవిడ కంటపడింది. రాజావారితో నెమ్మదిగా, సభంతా వినేటట్టు అంది:

"ప్రభూ, ఒక మీసం వంకరపోతే తప్పు బల్లది. రెండోదీ వంకరపోతే, మీ మీసమంటే ఆయనకు లెక్కలేదని అర్థం."

నాగభూషణరావు నవ్వు ఆగిపోయింది. నుదుటి మీద చెమట తుడుచుకుని, ఊపిరి బిగబట్టి, జన్మలో ఎప్పుడూ వేయనంత శ్రద్ధగా కుంచె లాగాడు. మద్దికర్ర కాళ్ళు కదల్లేదు. కత్తి అంచులాంటి మీసం, ఈ చెవి నుంచి ఆ చెవిదాకా, నున్నగా వచ్చింది.

రాజావారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టించుకుని చూశారు. అంతా బాగానే ఉంది కానీ, ఇంత మోటు బల్ల ఎందుకు చేయించారని మంగతాయారమ్మను అడిగారు.

"బల్ల అందం బొమ్మలో పడదు ప్రభూ. ఊగితే, ఆ ఊపు మాత్రం పెద్దరాజావారి ముఖం మీద పడుతుంది."

రాజావారు మెలికల మీసం ఉన్న కాగితాన్ని తన పెదవి మీద ఆనించుకుని సభ వైపు తిరిగారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. చివరికి నాగభూషణరావు కూడా మద్దికర్ర బల్ల మీదే కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. అంత భారీ మనిషి అంతగా ఊగుతున్నా బల్ల చలించలేదు. రాజావారు శాలువా తీసి విదుషిగారి చేతికి ఇచ్చి, యంత్రాన్ని ఆ బల్ల మీదికే ఎత్తమని మావటీలకు సైగ చేశారు.