మంచుకొండ ముందు విసనకర్ర

రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. ఒక చిత్రకారుడు తెచ్చిన మంచుకొండ బొమ్మను రాజుగారి కొలువులో గోడకు వేలాడదీశారు. ఆస్థాన పండితులు సోమయాజులుగారు దాని ముందు నిలబడి, "ఇందులో జీవం లేదు ప్రభూ, చూస్తే ఏమీ అనిపించదు," అంటూ గడియసేపు ఏకిపారేశారు. రాజుగారు బొమ్మను తిప్పి పంపేయమనబోయారు.

అంతలో సోమయాజులుగారి చూపు వెనక విసనకర్ర పట్టుకున్న తిప్పమ్మ మీద పడింది.

"ఏమే, విసరడం మానేశావు. కొలువులో పని ఉండాలని లేదా?"

"బొమ్మ పెట్టినప్పుడే మానేశానండి. తమకు ఇప్పటిదాకా ఉక్కపోయలేదుగా," అంది తిప్పమ్మ.

సోమయాజులుగారు నుదురు తడుముకున్నారు. చెమట చుక్క లేదు.

రాజుగారు నవ్వి బొమ్మను అక్కడే ఉంచమన్నారు. ఆ వేసవంతా తిప్పమ్మ విసనకర్ర ఒళ్లో పెట్టుకుని, కొండను చూస్తూ కూర్చుంది.