మిల్ ఓనర్ మసి

పూర్వం పెదగాడి అనే ఊళ్ళో పట్టాభయ్య ఆవిరి మర పెట్టి వడ్లు ఆడించేవాడు. ఓసారి పట్నం వెళ్ళి 'మిల్ ఓనర్' అనే మాట నేర్చుకొచ్చాడు. ఇక పేరు పెట్టి పిలిస్తే పలికితే ఒట్టు!

బట్టలుతికే సన్నెమ్మ ఎప్పట్లాగే గుడ్డలు ఉడకేసే పొయ్యిలోకి మిల్లు దగ్గర గంపెడు ఊక ఎత్తుకోబోతే అడ్డుపడ్డాడు.

"మిల్ ఓనర్ అంటే ఏమనుకున్నావు? ఈ మిల్లులోంచి బయటికొచ్చేదల్లా, ఊకతో సహా, నాదేనని అర్థం. అడక్కుండా తీసుకుంటే దొంగతనమే!" అని ఊరంతా వినేట్టు అరిచాడు.

సన్నెమ్మ గంప దింపేసి వెళ్ళిపోయింది. మర్నాడు గాడిద మీద మూటలు తెచ్చి అతని అరుగు మీద విప్పింది. అన్నీ మిల్లు పొగ కమ్మి నల్లబడ్డ ఊళ్ళోవాళ్ళ దుప్పట్లే.

"మీ మసి, బాబూ. మీ మిల్లులోంచే వచ్చి నా దండేల మీద వాలింది. దొంగతనం మా ఇంటా వంటా లేదు. మీ సొత్తు మీరు తీసేసుకుని, దుప్పట్లు నాకిచ్చెయ్యండి."

చూసేవాళ్ళు పగలబడి నవ్వారు. కాసేపు మూతి ముడుచుకున్న పట్టాభయ్య చివరికి తనూ నవ్వేశాడు. పొగగొట్టం ఎత్తు పెంచాడు. సన్నెమ్మ గంప మళ్ళీ నిండింది.

ఆ తర్వాత మిల్ ఓనర్ అంటే ఏమిటని ఎవరడిగినా ఒకటే చెప్పేవాడు: "ఊక ఊరిది, మసి నాది."