ఎమ్మెల్యే గారి తమ్ముడి పెళ్ళి

మునగలపేట నియోజకవర్గంలో తెలివంతా కలిపి కుంచెడు ఉంటే, అందులో మూడు మానికలు తమ ఇంట్లోనే ఉన్నాయని గుమ్మళ్ళమెరక ఊళ్ళో ఉండే పోలయ్య గారి నమ్మకం. మిగతా మానిక ఊళ్ళవాళ్ళంతా సర్దుకోవాలి. ఈ మాట ఆయనొక్కడే అనడు. భార్య మంగాయమ్మ అంటుంది, తమ్ముడు నూకరాజు అంటాడు, కొడుకు తాతబ్బాయి తలూపుతాడు. నలుగురూ ఒక్కమాట మీదున్నాక ఇంక సాక్ష్యం దేనికి చెప్పండి!

అయినా అడిగారు కనక మొన్నటి ఓట్లప్పటి సంగతి చెబుతా. ఓటు రహస్యంగా వెయ్యాలి, ఎవరికేశారో ఎవరికీ తెలియకూడదు అని పోలింగు ఆఫీసరు చెప్పాడు. ఊరందరూ మామూలుగా వెళ్ళి నొక్కేసి వచ్చారు. పోలయ్య అలాంటి మనిషా? కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం గోడకి తిప్పుకుని, చెయ్యి వెనక్కి పెట్టి ఏదో ఒకటి నొక్కి వచ్చాడు. "ఎవరికేశావయ్యా?" అంది మంగాయమ్మ. "ఎవరికీ తెలియకూడదన్నారుగా! ఆ ఎవరిలో నేను లేనా? నాక్కూడా తెలీదు" అన్నాడు. ఇంటిల్లిపాదీ పొంగిపోయారు.

ఆ ఓట్లకి పదిరోజుల ముందు ఎమ్మెల్యేకి నిలబడ్డ దివాకరం గారు ఇంటింటికీ తిరుగుతూ వీళ్ళింటికీ వచ్చాడు. మంగాయమ్మ చేతులు రెండూ పట్టుకుని, "అమ్మా, నేను నాయకుణ్ణి కాను. ఇవాళ్టి నుంచి మీ ఇంటి పెద్దకొడుకుని" అన్నాడు. ఆ మాట ఆయన ఆ వీధిలో నలభై ఇళ్ళలో అన్నాడు. నలభై ఇళ్ళవాళ్ళూ ఆయన వీధి మలుపు తిరిగేలోపు మర్చిపోయారు. అలా మర్చిపోవడానికి మనవాళ్ళేమన్నా తెలివితక్కువవాళ్ళా?

మంగాయమ్మ భోరుమంది. "ఇన్నేళ్ళూ ఎక్కడున్నావు నాయనా! ఎలా చిక్కిపోయావో!" అని ఆ తొంభై కిలోల మనిషిని పట్టుకుని ఒకటే ఏడుపు. ఆయన ఎలాగో చెయ్యి విడిపించుకుని పక్కింట్లోకి వెళ్ళాడు.

"అదేంటి, పక్కింట్లోకి పోతాడు?" అంది మంగాయమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"పుట్టినప్పట్నించీ బయట పెరిగినవాడు కదా వదినా, ఇల్లు గుర్తుపట్టాలంటే కాస్త టైం పడుతుంది" అన్నాడు నూకరాజు.

అంతే. ఆ పూట నుంచి తాతబ్బాయి చిన్నబ్బాయి అయిపోయాడు. దివాకరం గారు గెలిచాడు. సెంటర్లో ఆయన ఫ్లెక్సీ ఒకటి గాలికి ఊడిపడితే, పోలయ్య దాన్ని ఇంటికి మోసుకొచ్చి భోజనాల దగ్గర నిలబెట్టాడు. పెద్దవాడికి వడ్డించాకే కదా చిన్నవాడికి! ఆ ఫ్లెక్సీలో మనిషి రెండు చేతులూ జోడించుకుని ఉంటాడు. "చూశావా, వద్దు వద్దని దణ్ణం పెడుతున్నాడు, ఎంత మొహమాటమో" అని మంగాయమ్మ ఇంకో గరిటె వేసేది. అన్న తినకుండా తమ్ముడు ముద్ద ఎత్తకూడదు కనక తాతబ్బాయి కడుపు పట్టుకుని కూర్చునేవాడు. చివరికి కుక్క వచ్చి ఆ కంచం నాకేస్తే, "హమ్మయ్య, తిన్నాడు" అని అప్పుడు తాతబ్బాయికి పెట్టేవారు.

ఇలా ఉండగా తాతబ్బాయికి సంబంధం కుదిరింది. పిల్ల పేరు అనంతలక్ష్మి, పక్కూరు అబ్బులు గారి కూతురు. బట్టలు కుట్టడంలో మంచి పనిమంతురాలు. తాతబ్బాయికి ఆ పిల్లంటే ప్రాణం. ఆ పిల్లకీ ఇతనంటే ఇష్టమే, ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

లగ్నపత్రిక రాస్తూ పంతులు గారు, "పిల్లవాడు ఇంటికి పెద్దవాడేనా?" అని అడిగారు.

"కాదండి, రెండోవాడు. పెద్దవాడు ఎమ్మెల్యే" అన్నాడు పోలయ్య.

"అయ్యో బావగారూ! ఇంత పెద్ద సంబంధమని ఒక్కసారైనా చెప్పలేదే!" అన్నాడు అబ్బులు. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? వియ్యం ఊరికే కుదురుతుందా మరి!

"మరి ఆ పెద్దబ్బాయికి పెళ్ళయిందా?" అన్నారు పంతులు గారు.

"మేమైతే చెయ్యలేదండి" అన్నాడు పోలయ్య నిజాయితీగా.

పంతులు గారు కలం కింద పెట్టేశారు. "పెద్దవాడుండగా చిన్నవాడికెలా చేస్తారయ్యా, తప్పు కాదూ?"

అబ్బులు లేచి నిలబడ్డాడు. "బావగారూ, ఈ బుధవారం దాటితే మూఢం. మళ్ళీ మూడు నెలలు ముహూర్తాల్లేవు. అన్నాళ్ళు నేనాగను. మా చెల్లెలి కొడుకు పిల్లనివ్వమని కాచుక్కూచున్నాడు. బుధవారానికి మీ పెద్దవాడి సంగతి తేల్చారా సరే, లేదా పిల్ల వాడిదే" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

తాతబ్బాయి అరుగు మీద కూలబడ్డాడు. "అనంతలక్ష్మి లేకపోతే నేను బతకలేను నాన్నా. ఎలాగోలా అన్నయ్యకి పెళ్ళి చెయ్యండి నాన్నా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సోమవారం ఎమ్మెల్యే గారి ఆఫీసులో ప్రజాదర్బారు. జనం, టీవీ కెమెరాలు, తోపులాట. రోడ్డు కావాలని ఒకడు, పింఛను రాలేదని ఒకావిడ. నలుగురూ లైన్లో నిలబడి పీఏ ముందుకి చేరారు.

"సమస్య ఒక్క ముక్కలో చెప్పండి" అన్నాడు పీఏ తల ఎత్తకుండా.

"మా పెద్దబ్బాయికి పెళ్ళి కావాలండి."

"వయసు?"

"యాభై ఎనిమిది ఉంటాయండి."

"పాపం. ఏం పని చేస్తాడు?"

"ఆ పక్కగదిలో ఎమ్మెల్యే అండి."

పీఏ కలం ఆగిపోయింది. "మతిపోయిందా? ఆయనకి పెళ్ళై ముప్పై ఏళ్ళయిందయ్యా! మనవలు కూడా ఉన్నారు!"

ఇంకేముంది! మంగాయమ్మ అక్కడే నేలమీద చతికిలబడి శోకాలందుకుంది. "కన్నవాళ్ళకి మాటమాత్రం చెప్పకుండా పెళ్ళి చేసుకున్నావురా కొడకా! మనవల్ని కూడా దాచేశావురా!" జనం మూగారు. కెమెరాలు ఇటు తిరిగాయి. ఆ గోలకి దివాకరం గారు బయటికొచ్చి, "ఎవరీవిడ?" అన్నాడు.

"బుధవారం తమ్ముడి పెళ్ళి పెట్టుకుని, తల్లినే ఎవరంటున్నాడర్రా!" అని మంగాయమ్మ గుండెలు బాదుకుంది.

దివాకరం గారికి కెమెరాలు కనబడ్డాయి. కెమెరా ముందు క్షమాపణ చెప్పడంలో ఆయన్ని మించినవాడు జిల్లాలో లేడు. చటుక్కున వంగి మంగాయమ్మ కాళ్ళు పట్టుకున్నాడు. "తప్పైపోయిందమ్మా! బుధవారం తమ్ముడి పెళ్ళికి మీ కోడల్ని వెంటబెట్టుకొస్తా. ఇద్దరం వచ్చి నీ కాళ్ళకి దణ్ణం పెడతాం" అన్నాడు. అసలు విషయమేంటో ఆయనకి ముక్క తెలీదు.

ఇక్కడితో కథ కంచికి పోవాలి. పెద్దవాడికి పెళ్ళయిపోయింది, ఇంక చిన్నవాడికి నిక్షేపంగా చెయ్యచ్చు. మీకూ నాకూ తట్టే మాటిది. కానీ దారిలో నూకరాజుకి ఓ అనుమానం వచ్చింది.

"అన్నయ్యా, మనం పీటల మీద కూర్చోబెట్టని పెళ్ళి పెళ్ళెలా అవుతుంది?"

"భలేవాడివిరా! నాకు తట్టనేలేదు!" అన్నాడు పోలయ్య.

బుధవారం రానే వచ్చింది. ఆ రోజు దివాకరం గారికి మూడు పెళ్ళిళ్ళు, ఒక మురిక్కాలవ ప్రారంభం. రెండు నిమిషాల్లో అక్షింతలు వేసి పోదామని భార్య రాజేశ్వరమ్మతో మంటపం ఎక్కాడు. ఎక్కడం పాపం, నూకరాజు ఆయన నుదుట బాసికం కట్టేసి పీట మీద కూలేశాడు. మంగాయమ్మ రాజేశ్వరమ్మని పక్కన కూర్చోబెట్టింది.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు దివాకరం గారు.

"నీ పెళ్ళే నాయనా, కదలకు" అన్నాడు పోలయ్య.

లేవబోయాడు. ఎదురుగా ఊళ్ళోవాళ్ళంతా ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్నారు. నవ్వుమొహం పెట్టి కూర్చుండిపోయాడు. "ఈ వయసులో ఇదేం పనండీ" అని రాజేశ్వరమ్మ విసుక్కుంది గానీ, తాళి కట్టేటప్పుడు మెడ మాత్రం వంచింది. ఎమ్మెల్యే పెళ్ళి చేయించే అదృష్టం మళ్ళీ దొరుకుతుందా? పంతులు గారు ఒక్క మంత్రం కూడా వదల్లేదు. ముహూర్తం మొత్తం పద్నాలుగు నిమిషాలు, అందులో పన్నెండు ఎమ్మెల్యే గారికే అయిపోయాయి. మిగిలిన రెండు నిమిషాల్లో తాతబ్బాయి పరిగెత్తుకొచ్చి అనంతలక్ష్మి మెడలో మూడు ముళ్ళూ వేశాడు. దివాకరం గారు బాసికంతోనే కారెక్కి మురిక్కాలవ ప్రారంభానికి పోయాడు.

కొత్తకోడలు అత్తారింటికొచ్చింది. గడప మీద బియ్యం చెంబు పెట్టారు. అనంతలక్ష్మి కుడికాలు ఎత్తింది.

"ఆగు!" అని అరిచాడు నూకరాజు. "పెద్దకోడలు కాలుపెట్టకుండా చిన్నకోడలెలా పెడుతుంది?"

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. ఎమ్మెల్యే గారింటికి ఫోను చేస్తే పీఏ ఎత్తి, "మేడం గారు ఇవాళ గుమ్మం కదలరు. ఉన్న తలనొప్పి చాలు" అని పెట్టేశాడు.

అబ్బులుకి మండింది. "పొద్దుగుంకేలోపు నా కూతురు అత్తారింట్లో అడుగుపెట్టకపోతే ఇటునుంచి ఇటే తీసుకుపోతా బావగారూ. మా చెల్లెలి కొడుకు ఇంకా భోజనాల పందిట్లోనే ఉన్నాడు" అన్నాడు. తాతబ్బాయి అనంతలక్ష్మి కొంగు గట్టిగా పట్టుకుని వదల్లేదు.

పోలయ్య కాసేపు గడ్డం గోక్కుని, "కోడలు గుమ్మం దగ్గరికి రాదంటే, గుమ్మమే కోడలి దగ్గరికి పోతుంది!" అన్నాడు.

అంతే! గునపాలొచ్చాయి. తలుపు రెక్కలు ఊడదీసి గోడకి ఆనించారు. గడపా ద్వారబంధమూ మామిడాకుల తోరణంతో సహా పెకిలించి ట్రాక్టరు మీదకెక్కించారు. ఇంటి ముందుగోడ సగం కూలింది. "పోతే పోయింది, పిల్లాడి కాపురం ముఖ్యం" అంది మంగాయమ్మ. కొత్తజంటని, చెంబుని, అబ్బులుని ఎక్కించుకుని మునగలపేట చేరి, ఎమ్మెల్యే గారి గేటుకి ఎదురుగా మెయిన్ రోడ్డు అంచున ఆ గుమ్మాన్ని నిలబెట్టి, గడప మీద చెంబు పెట్టి చెరోవైపూ పట్టుకున్నారు.

నాలుగింటికి రాజేశ్వరమ్మ ఫోను చూసుకుంటూ గేటు తీసుకుని బయటికొచ్చింది. తిన్నగా గుమ్మంలోంచి నడిచింది. కాలు తగిలి చెంబు దొర్లింది, బియ్యం రోడ్డంతా పడ్డాయి. "పెద్దకోడలు కాలుపెట్టేసింది!" అని అందరూ గావుకేక పెట్టారు. ఆవిడ దడుచుకుని దొరికిన ఆటో ఎక్కి పుట్టింటికి పోయింది. వెనకాలే అనంతలక్ష్మి గేటు వైపు నుంచి వచ్చి కుడికాలు పెట్టి గుమ్మం దాటింది. తాతబ్బాయి ఆనందం చూడాలి, ఎగిరి గంతేశాడు.

"ఇంతకీ గుమ్మం దాటి ఎక్కడికొచ్చాం మావయ్యా?" అంది అనంతలక్ష్మి చుట్టూ చూసి.

పోలయ్యా చూశాడు. లారీలు, బస్సులు, డివైడరు. "గుమ్మం దాటి వచ్చామంటే ఇది ఇల్లే కదమ్మా. మన ఇల్లే."

"ఎంత పెద్ద ఇల్లు బావగారూ! కరెంటు స్తంభాలు కూడా లోపలే ఉన్నాయి!" అని అబ్బులు మురిసిపోయి, కూతుర్ని అప్పగించి బస్సెక్కబోయాడు. బస్సు కదిలితేనా? రోడ్డుకి అడ్డంగా అప్పటికే మంగాయమ్మ పొయ్యి పెట్టేసింది. నూకరాజు మంచం వేసి ఎదురొచ్చిన లారీవాణ్ణి, "ఇంట్లోకి బండి తోలుకొస్తావా, బుద్ధుందా?" అని తిడుతున్నాడు. రెండు వైపులా మైలు దూరం ఆగిపోయాయి బళ్ళు.

ఆ బళ్ళ వెనకే ఇరుక్కుపోయి, కారు దిగి నడుచుకుంటూ వచ్చాడు దివాకరం గారు. "ఖాళీ చెయ్యండి! ఇది ప్రభుత్వ రోడ్డు! నన్ను మా ఇంట్లోకి పోనివ్వండి!" అని అరిచాడు.

"అప్పుడే వేరుపడతానంటున్నాడు!" అని మంగాయమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏడవకు వదినా, పంచేస్తే సరి. నడిమిగోడ కట్టే ఉందిగా" అని నూకరాజు డివైడరు చూపించాడు. "అటువైపు పెద్దవాడిది, ఇటువైపు చిన్నవాడిది."

"నీ గేటు తమ్ముడి వాటాలోకి పోయింది నాయనా. ఇంక వాళ్ళనడిగి వెళ్ళాలి" అన్నాడు పోలయ్య.

తాతబ్బాయి పెళ్ళాం వంక చూశాడు. ఒక్కపూట కాపురానికే ఆ పిల్లకీ ఆ ఇంటి తెలివి అబ్బేసింది. కొంగు దోపుకుని, "బావగారు వస్తే వద్దంటామా? కానీ కొత్తకాపురం కదండీ, తలుపు కొట్టి రమ్మనండి" అంది.

దివాకరం గారు గుమ్మం వైపు చూశాడు. దానికి తలుపు లేదు. "ఒక్క క్షణం ఓపిక పట్టు నాయనా" అని నూకరాజు, తలుపు తేవడానికి ట్రాక్టరేసుకుని గుమ్మళ్ళమెరక బయల్దేరాడు. బయల్దేరి, తన మంచం వెనకాలే మైలు దూరం ఆగిపోయిన బళ్ళ మధ్య ఇరుక్కుని, "ఏ తెలివితక్కువవాడయ్యా రోడ్డుకి అడ్డం కూర్చుంది?" అని హారన్ కొడుతూ ఉండిపోయాడు.