గొట్టాలు చూడని ముద్ర

ఏడేళ్ళు పనిచేసినా కరీముల్లా ఉస్తాదు తన చేతికి సీలు ప్లయరు ఇవ్వడం లేదని నూకరాజు లోలోపల కుమిలిపోతున్నాడు.

రాజమండ్రిలో ఆ షెడ్డు పాత డీజిల్ కార్ల పంపులకి పేరుపడింది. ఇంజనుకి డీజిలు కొట్టే పాత పంపుల్ని కొని, బాగుచేసి, పరీక్షించి, తీగ చుట్టి సీసం ముద్ర నొక్కి అమ్ముతారు. ముద్ర నొక్కే ఆ ప్లయరు ఎప్పుడూ ఉస్తాదు జేబులోనే ఉంటుంది. నూకరాజుకి నలభై దాటాయి. ఇద్దరు పిల్లలు, బుర్రమీసాలు. అయినా ముద్ర దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

పరీక్షంటే వట్టి చాదస్తమని నూకరాజు అభిప్రాయం. పంపుని బెంచీకి బిగించాలి, మోటారుతో తిప్పాలి, నాలుగు గాజు గొట్టాల్లో పడే డీజిలు ఒకే గీత దగ్గరికి వస్తోందో లేదో చూడాలి. దానికో పూట పడుతుంది. నూకరాజైతే ఇరుసు చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని చెప్పేస్తాడు. నాడి చూసే వైద్యుడికి కూడా అంత ధీమా ఉండదు.

ఒకరోజు పొద్దున్నే సోమయాజులుగారు వచ్చారు. రిటైరైన లెక్చరరు. ఆయన అరవైల నాటి డీజిల్ కారు, పంపు పాడై, నాలుగు రోజులుగా షెడ్డులోనే ఉంది. మర్నాడు మారేడుమిల్లి ఘాటు దాటి చింతూరు వెళ్ళాలి, అదీ ఒక్కరే.

నూకరాజు ఆయన కోసం ఒక పంపుని తోమి, వెండిరంగు పూసి ఉంచాడు. అది పెళ్ళికొడుకులా మెరుస్తోంది. చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు.

"ఫస్టుక్లాసుగా ఉందండి. బెంచీ ఎక్కించక్కర్లేదు. దీనికైనా నన్ను ముద్ర వెయ్యనివ్వండి ఉస్తాద్."

ఉస్తాదు జేబులోంచి ప్లయరు తీసి అతని చేతిలో పెట్టాడు. నూకరాజుకి కళ్ళు చెమర్చాయి.

ఉస్తాదు షెడ్డు వెనకున్న తన ఇంట్లోకి వెళ్ళి ఒక పెద్ద సంచీతో వచ్చాడు. అందులో కారేజీ, నీళ్ళ డబ్బా, టార్చిలైటు, మందపాటి దుప్పటి, దోమల చుట్టలు ఉన్నాయి.

"ఇయ్యన్నీ ఎవరికండి?"

"నీకే. గొట్టాలు చూడకుండా ముద్ర వేసినవాడు బండితో పాటు వెళ్ళాలి. మా ఉస్తాదు పెట్టిన పద్ధతి."

"చింతూరు దాకానాండి?"

"చేరితే చింతూరు దాకా."

"మరి దుప్పటెందుకండి?"

"ఘాటులో చలి."

సోమయాజులుగారు సంబరపడ్డారు. "మంచిదేనయ్యా, నాకూ తోడుంటావు. ఆ అడవిలో ఫోన్లు కూడా పలకవు."

నూకరాజు ముద్ర వేయబోయి ఆగాడు. పంపుని మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇందాక అంత బాగా మాట్లాడిన పంపు ఇప్పుడు నోరు విప్పలేదు.

"బెంచీ ఖాళీయేనాండి?"

"పొద్దున్నుంచీ ఖాళీయే."

మోటారు తిరిగింది. మూడు గొట్టాల్లో డీజిలు గీతని అందుకుంది. నాలుగోదాంట్లో సగం కూడా రాలేదు. నూకరాజు సోమయాజులుగారి వైపు చూడలేకపోయాడు. ఈ పెద్దాయన్ని ఒంటరిగా ఘాటెక్కించబోయానే అనుకున్నాడు.

పంపు విప్పాడు. లోపల డీజిల్ని నెట్టే ప్లంజరు కడ్డీ ఒకటి అరిగిపోయి ఉంది. అది మార్చి మళ్ళీ తిప్పాడు. ఇంకా వెంట్రుకవాసి తేడా ఉంది. మళ్ళీ విప్పాడు. ఈలోగా కారేజీలోని పప్పన్నం, ఆవకాయ ఉస్తాదూ సోమయాజులుగారూ కలిసి పూర్తిచేశారు. మూడింటికి నాలుగు గొట్టాలూ ఒకే గీతకి వచ్చాయి. నూకరాజు చేతులు కడుక్కుని ముద్ర నొక్కాడు. చీకటిపడే లోపు పంపు కారులో బిగించాడు.

మర్నాడు తెల్లవారేసరికి తన బట్టల సంచీతో వచ్చి కారెక్కి కూర్చున్నాడు.

"దిగు," అన్నాడు ఉస్తాదు. "గొట్టాలు చూశావుగా."

కారు మలుపు తిరిగేదాకా నూకరాజు చూస్తూ నిలబడ్డాడు. ప్లయరు తిరిగి ఇవ్వబోతే ఉస్తాదు పుచ్చుకోలేదు.

"మీరిన్నేళ్ళలో ఎన్ని బళ్ళతో వెళ్ళారండి ఉస్తాద్?"

ఉస్తాదు సంచీలోంచి దుప్పటి తీసి దులిపి మడతపెట్టాడు.

"ఒక్కదానితోనే," అన్నాడు. "మూడు రోజులు ఘాటులోనే."